అరవై జతల చెవులు

క్యూబాలో, పినార్ దెల్ రియోలోని ఒక చుట్టల కార్ఖానాలో నెరైదా ఇరవై రెండేళ్ళుగా చదువుతోంది. అదే ఆమె ఉద్యోగం. అరవై మంది తల వంచుకుని చుట్టలు చుడుతుంటే, ఆమె ఎత్తరుగు మీద కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల మైకులో చదవాలి. ఏ నవల కావాలో వాళ్ళే చేతులెత్తి తేలుస్తారు. నచ్చితే ఆకు కోసే వంపు కత్తులతో బల్లల మీద టకటకా కొడతారు. ఆమెకు జీతం కన్నా ఆ చప్పుడే ముఖ్యం. చేతులు అమ్ముకున్నవాళ్ళకు చెవులింకా మిగిలే ఉన్నాయని చెప్పే చప్పుడు అది.

ఫోన్లలో ఇంటర్నెట్ వచ్చాక ఆ చప్పుడు సన్నగిల్లింది. ఒక్కొక్కరి చెవిలో ఒక్కో తీగ మొలిచింది.

మేనేజరు బల్దొమేరో జనవరిలో గేటు దగ్గర గోనెసంచి పెట్టించాడు. ఫోను అందులో వేశాకే లోపలికి రావాలి. వార్తలు వెతుక్కోవాలి కాబట్టి నెరైదా ఫోను మాత్రం ఆమె దగ్గరే ఉంచాడు.

"ఇక అందరి చెవులూ నీవే," అన్నాడు. "ఈ రూలు మంచిదని నెలాఖరుకు ఓ కాగితం మీద సంతకం పెట్టు, పైవాళ్ళకి చూపించాలి. మళ్ళీ ఫోన్లొస్తే నీతో పనేముంది చెప్పు? ఓ రేడియో పెట్టేస్తా."

నిజానికి ఆమెకు సంతోషమే కలిగింది. రెండు వారాలు ప్రాణం పెట్టి చదివింది. ఓడ మునిగే ఘట్టం అరవై మందీ విన్నారు. ఒక్క కత్తీ మోగలేదు.

ముందు వరసలో ఒబ్దూలియా ఉంటుంది. ఏ నవలకైనా మొదట ఏడ్చేది ఆమే. కాఫీ వేళ నెరైదా ఆమెనే అడిగింది.

"ఏం, బాగాలేదా?"

"నీ ఓడ బాగానే మునిగిందిలే అక్కా. నిన్న మా రేషన్ డిపోకి కోడిమాంసం వచ్చిందట. పక్కింటావిడ మెసేజ్ పెట్టింది. నేను సంచిలోంచి ఫోను తీసేసరికి ఈక కూడా మిగల్లేదు. ఇది మూడోసారి."

కార్ఖానాలో అందరికన్నా పాత పనివాడు ఎలీహియో తాత వెనక నుంచి అందుకున్నాడు. "పాటలకేననుకున్నావా అమ్మాయ్, మాకు ఫోను? మేనేజరింటికి కోడి నడుచుకుంటూ వస్తుంది. మనింటికి మెసేజొస్తేనే వస్తుంది."

నెరైదాకు తల కొట్టేసినట్టయింది. "నా నంబరివ్వు మీ పక్కింటావిడకి," అంది ఒబ్దూలియాతో.

మంగళవారం నవలలో కెప్టెన్ భార్య తలుపు తీయబోతుండగా ఫోను వణికింది. నెరైదా స్వరం మార్చకుండానే చదివేసింది. "ఆమె వణికే చేత్తో గడియ తీసింది... మూల డిపోకి కోడికాళ్ళొచ్చాయి ఒబ్దూలియా, ఎనభై మందికేనట, పరుగెత్తు."

క్షణం సేపు ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత కత్తులన్నీ ఒక్కసారిగా బల్లల మీద పడ్డాయి. ఇరవై రెండేళ్ళలో అంత చప్పుడు ఆమె వినలేదు. అది కోడికాళ్ళకని తెలిసీ ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ గోలకి బల్దొమేరో కాగితంతో సహా వచ్చాడు. "సంతకం ఇప్పుడే పెట్టు. ఇంకోసారి ఇలా చేస్తే నీ ఫోనూ సంచిలోకే."

ఆమె కాగితం పట్టుకుని కూర్చుంది. ఫోను పని చెడగొడుతుందన్నది అబద్ధం కాదు. పరధ్యానంలో చుట్ట పై ఆకు చింపుకునేవాళ్ళు ఒకప్పుడు ఇంతమంది లేరు. కానీ బందెలదొడ్డిలో కట్టేసినవాళ్ళకి చదివి, విన్నారని ఎలా మురిసిపోవడం?

"సారూ, నవలకి ఎత్తించినట్టే దీనికీ చేతులెత్తించండి."

"నీ ఉద్యోగం పోతుందే పిచ్చిదానా!"

"ఇష్టపడి వినేవాళ్ళు లేకపోతే అది ఎప్పుడో పోయినట్టే సారూ."

మైకు కట్టేయడం ఆమె మరిచిపోయింది. హాలంతా వింది. ఎవరూ అడగకుండానే, ఆ రూలు వద్దంటూ చేతులు లేచాయి. అన్ని చేతుల ముందు బల్దొమేరో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నెలాఖరు దాకా చూస్తా. అప్పటికీ నిన్ను వినేవాళ్ళు లేకపోతే రేడియోనే," అన్నాడు.

మర్నాడు గేటు దగ్గర సంచి లేదు. నెరైదా అరుగెక్కి చూసింది. తీగల్లేని చెవులు తొమ్మిది జతలు. వినాలనుకున్నవాళ్ళే వింటారని మైకు కట్టేసి, మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

రెండో పేజీలో ఎలీహియో తాత అరిచాడు. "వినబడట్లేదమ్మాయ్!"

"చెవిలోది తీయి తాతా. అప్పటికీ వినబడకపోతే ముందుకొచ్చి కూర్చో."

తాత గొణుక్కుంటూ తీగ లాగి జేబులో కుక్కాడు. పీటా ఆకుల కట్టా ఎత్తుకుని బయల్దేరాడు. ఆయన వచ్చి కూర్చునేదాకా ఆమె కెప్టెన్ భార్యను గుమ్మంలోనే నిలబెట్టింది.