ఫిరులాల్ రక్తం

కర్నాలీ నది రెండు పాయల మధ్య లంకలో, థారూల ఇంట పుట్టిన ఫిరులాల్ చౌధరీకి చలిజ్వరం ఎలా ఉంటుందో తెలియదు. అతని చిన్నతనంలో ఆ లంక అడవిలోకి కొండవాళ్లు చలికాలంలో దిగేవారు. ఎండలు ముదరకముందే బతుకు జీవుడా అని పైకి పోయేవారు. ఒక ఏడు వేసవికి ఆగిపోయిన సర్వే ఉద్యోగిని ఎడ్లబండి మీద శవంగా సాగనంపింది ఫిరులాల్ తండ్రే.

"థారూని కుడితే దోమే చస్తుందిరా. మన రక్తం అలాంటిది," అన్నాడాయన, బండి తిరిగొచ్చాక చేతులు కడుక్కుంటూ.

ఫిరులాల్‌కి మీసాలొచ్చే వేళకి సర్కారు మనుషులు ఇంటింటి గోడలకీ తెల్లమందు కొట్టారు. దోమలు పోయాయి. ఆ వెనకే కొండవాళ్లు దిగారు, చేతుల్లో పట్టాలతో. అడవి నరికి పొలం చేసుకున్న థారూలకి పట్టా అంటే ఏమిటో తెలియదు. పదేళ్లు తిరిగేసరికి ఫిరులాల్ తన పొలంలోనే డంబర్ థాపా అనే కొండవాడికి పాలేరు.

ఇక మిగిలింది రక్తం గొప్ప ఒక్కటే. నత్తల కూర జుర్రుకుంటూ అదే చెప్పేవాడు, వినేవాళ్లున్నా లేకపోయినా. పెద్దకొడుకు లౌటన్‌కి సంబంధం చూసేటప్పుడు కూడా లంకలో అందరికన్నా పాత ఇల్లు వెతికి సుగ్నిని తెచ్చాడు.

సుగ్ని తొలిచూలు కొడుకు ఆరేళ్లకే పోయాడు. వేళ్లు వాచేవి, కళ్లు పచ్చబడేవి, ఎముకలు నొప్పని రాత్రింబగళ్లు ఏడ్చేవాడు. మంత్రం వేసే గురువా కోళ్లు కోయించాడు, తాయెత్తు కట్టాడు. ఏదీ ఆపలేదు. తర్వాత పుట్టిన అసర్ఫీకీ అవే నొప్పులు. పన్నెండో ఏట ఒక పొద్దున ఆ పిల్ల ఊపిరందక ఎగపోస్తుంటే, డంబర్ థాపా చిన్నకొడుకు ట్రాక్టరు తీశాడు. నేపాల్‌గంజ్ ఆస్పత్రిలో దింపి, తనూ అక్కడే ఆగిపోయాడు.

అందరి రక్తమూ పరీక్ష చేశారు. నర్సు ఫూల్మతి థారూల పిల్లే. ముసలాయన్ని వరండాలోకి పిలిచింది.

"తాతా, రక్తంలో కణాలు గుండ్రంగా ఉండాలి. మీ మనవరాలివి కొడవలిలా వంకర తిరుగుతున్నాయి. సన్న నరాల్లో ఇరుక్కుంటాయి. అందుకే ఆ నొప్పులు."

"ఎక్కడంటుకుంది దానికి?"

"అంటుకునేది కాదు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం. లౌటన్‌కి మీ నుంచి వచ్చింది."

"నా నుంచా? నాకు జన్మలో తలనొప్పి కూడా లేదే!"

"సగమే ఉంటే ఏమీ చెయ్యదు. పైగా ఆ సగమే చలిజ్వరంలో ప్రాణం కాపాడుతుంది. ఎప్పుడో ఏ ముత్తాత రక్తంలోనో జరిగిన చిన్న పొరపాటు తాతా అది. దోమలున్నన్నాళ్లూ మనకి వరమైంది."

"మంచిదా, చెడ్డదా? ఒక్క మాట చెప్పు."

"ఒక్క మాటలో తేలేదైతే ఇంతసేపు ఎందుకు వాగుతాను? మీకేం చెయ్యలేదు. మీ పెద్దల్ని బతికించింది. రెండు సగాలూ ఒకే పిల్ల మీద పడితే..." గదివైపు చూసింది.

ఫిరులాల్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాది తీసి ఎక్కించు. ఉన్నదంతా తీసుకో."

"మీది పనికిరాదు తాతా. లౌటన్‌దీ పనికిరాదు. ఈ దోషం లేని రక్తం కావాలి."

ఇచ్చింది థాపా కొడుకు. సాయంత్రానికి అసర్ఫీ కళ్లు తెరిచింది.

"తాతా, ఇక నేను కొండదాన్ని. రేపట్నుంచి నాకు దణ్ణం పెట్టు," అంది.

లౌటన్ నవ్వాడు. ఫిరులాల్ వరండాలోకి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల మరో రెండేళ్లు బతికింది. వానాకాలంలో, ఏరు పొంగి పడవ ఆగిపోయిన నాలుగు రోజుల్లో, ఇంట్లోనే పోయింది.

తర్వాత చిన్నకొడుకు బుధ్రామ్ పెళ్లి మాట వచ్చింది. ఏటికవతలి పిల్ల, వాడికి మనసైన పిల్ల. ముందు రక్తం చూపించమని ముసలాయన పట్టుబట్టాడు. పెళ్లికి జాతకాలు అడిగేవాళ్లని చూశాం గాని ఇదేం పిచ్చి అని లంకంతా నవ్వింది. ఆయన పోరు పడలేక ఇద్దరూ వెళ్లొచ్చారు. ఇద్దరిలోనూ ఆ సగం ఉంది.

"వద్దురా," అన్నాడు ఫిరులాల్.

"నలుగురు పుడితే ఒక్కరికే వస్తుందట నాన్నా, అదీ ఖాయం కాదట. ఈ లంకలో ఆ సగం లేని పిల్ల కోసం ఎన్ని గడపలు తొక్కమంటావు?"

"ఆ ఒక్కరికీ పేరుంటుందిరా. అసర్ఫీ లాగా."

బుధ్రామ్ తల దించుకున్నాడు గాని పెళ్లి మానలేదు. మాఘంలో అయిపోయింది. కొత్తకోడలు వచ్చి కాళ్లకి మొక్కింది. పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించబోయాడు ముసలాయన. పిల్లలనే మాట దగ్గర ఆగాడు. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఆ పిల్ల వంగే ఉంది. తల మీద చెయ్యి ఆనించాడు.