దొంతరలో పైపుస్తకం

కిట్వే పట్నానికి వెళ్ళే మినీబస్సు నిండేలోగా కబాసో రోజూ లేచి, తెల్లగౌను మడత సరిచేసుకుని ప్రసంగిస్తుంది. "మనది క్రైస్తవ దేశమని రాజ్యాంగంలోనే రాసుకున్నాం. మరి ఈ అడ్డదారులేంటి? క్రీస్తు కావాలా, పతనం కావాలా? తేల్చుకోండి!" ఆ రోజు వెనకసీట్లో ఒక ముసలామె మాత్రం గట్టిగా "ఆమెన్" అంది.

క్లినిక్‌లో వైద్యం వివరాలు రాయించుకోడానికి రోగులు తెచ్చే నోటుపుస్తకాలను వచ్చిన వరసలో పేర్చడం కబాసో పని. ఆలస్యంగా వచ్చిన పాస్టరు భార్య పుస్తకాన్ని కబాసో అలవాటుగా దొంతర పైన పెట్టింది. ఆమెను వెంటనే లోపలికి పిలిచారు. జ్వరంతో వణికే మనవరాలిని ఎత్తుకుని ముసలామె బల్ల దగ్గరికొచ్చింది.

"నా పుస్తకం ముందుంది కదమ్మా? పొద్దున బస్సులో ఆమెన్ అన్నది నేనే."



మర్నాడు బస్సు నిండుతుంటే కబాసో కిటికీవైపు ముఖం తిప్పుకుని కూర్చుంది.

"ఏంటక్కా," అన్నాడు కండక్టరు, "దేశం అప్పుడే బాగుపడిపోయిందా?"