విశ్వనాథ్ ఫోల్డర్ పచ్చబడిన రోజు

మా దేవకుమారికి ఇప్పుడు రాహుకాలం లేదు, అమావాస్య లేదు. రాసిన కోడు రాసినట్టే సర్వర్‌కు ఎక్కించేస్తుంది. మంగళవారం పూట కొత్త పనేంటమ్మా అని ఎవరైనా అంటే పలకదు. అన్నవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుంది. రెండువేల ఆరు దసరాకు నేనూ ఆ గదిలోనే ఉన్నాను మరి.

రాజమండ్రి దానవాయిపేటలో, ఓ మేడ మీద, చంద్రరావుగారి చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. కడియం నర్సరీల కోసం ఓ ప్రోగ్రాం తయారుచేస్తున్నాం. దేవకుమారి తల్లి రత్తమ్మ ఆ నర్సరీల్లోనే మొక్కలకు అంట్లు కట్టేది. కూతురికి మొక్కల పేర్లన్నీ నోటికొచ్చు కాబట్టి వాటిని కంప్యూటర్లో కొట్టే పని ఇచ్చారు. ఆమెకు పని నేర్పింది విశ్వనాథ్. ప్రోగ్రాం రాసేదీ అతనే.

అందరి ఫైళ్ళూ సర్వర్‌లో కలిపి ఉంచడానికి తాబేలు బొమ్మ ఉన్న సాఫ్ట్‌వేర్ ఒకటి వాడేవాళ్ళం. ఫోల్డర్ మీద ఎర్రగుర్తు ఉంటే, మార్పులు ఇంకా ఆ కంప్యూటర్లోనే ఉన్నాయని అర్థం. కమిట్ నొక్కితే అవి రాసినవాళ్ళ పేరుతో సర్వర్‌కు ఎక్కి, గుర్తు పచ్చబడుతుంది. దేవకుమారి పేర్లు తప్పు కొట్టినప్పుడు మాత్రం రివర్ట్ నొక్కమని విశ్వనాథ్ చూపించాడు. కొట్టినవి పోయి మళ్ళీ పచ్చబడేది. "పచ్చగా ఉంటే అంతా క్షేమం" అని ఊరుకున్నాడు మహానుభావుడు. అంతకుమించి విడమరిచి చెప్పలేదు.

ఆయనగారికి ఇంకో చాదస్తం. ప్రోగ్రాంలో కొత్త భాగమంతా రాసేసి కూడా కమిట్ చేయలేదు. విజయదశమినాడు చేస్తానన్నాడు. అప్పటిదాకా ఎవరికీ చూపించనన్నాడు. సామర్లకోటలో ఉండే అక్క నాగదుర్గగారిని మాత్రం దసరాకు రమ్మని మా ముందే ఫోన్లో పిలిచాడు. తల్లి పోయాక అతణ్ణి పెంచింది ఆవిడే.

వినాయకచవితి వెళ్ళిన వారానికి, వేమగిరి దగ్గర లారీ గుద్ది విశ్వనాథ్ పోయాడు.

చంద్రరావుగారు అతని కంప్యూటర్ ఎవరినీ ముట్టనివ్వలేదు. వాడు అనుకున్న రోజునే, వాడి పేరుతోనే, వాళ్ళక్క చేత కమిట్ నొక్కిద్దామన్నారు. మాకూ బాగానే ఉందనిపించింది. ఇంతమందిమి ఉండి, ఓ కాపీ తీసిపెడదామని ఒక్కరికీ తోచలేదు.

పండగ ముందురోజు ఆయుధపూజ కోసం కంప్యూటర్లన్నీ తుడిచాం. విశ్వనాథ్‌ది చంద్రరావుగారు చెబితే దేవకుమారి పైపైన తుడిచింది. లోపల కూడా శుభ్రంగా ఉండాలని ఆన్ చేసింది. ఫోల్డర్ నిండా ఎరుపే. రేపు అక్కగారు వచ్చి చూసేసరికి తమ్ముడి పనంతా తప్పుల తడకలా కనబడకూడదు అనుకుంది పిచ్చితల్లి. రివర్ట్ నొక్కింది. అంతా పచ్చబడింది. ఇల్లూడ్చి చెత్త ఎత్తిపోసినట్టు తీసేసినవి చేరే రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి, మానిటర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది.

మర్నాడు నాగదుర్గగారు పాసింజరులో వచ్చారు. చంద్రరావుగారు కమిట్ తెరిస్తే, ఎక్కించడానికి ఏమీ లేదని వచ్చింది. ప్రోగ్రాం తెరిస్తే పాతదే. విశ్వనాథ్ రాసిన కొత్త భాగం జాడ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ రోజు చూశాను.

"నిన్న ఎర్రగా ఉంటే నేనే పచ్చగా చేశానండి," అంది దేవకుమారి. ఆ మాట అంటుండగానే ఏం చేసిందో ఆమెకు అర్థమైంది. గోడకు జారబడిపోయింది.

చంద్రరావుగారు అరవబోతే నాగదుర్గగారు చేత్తో ఆపారు. చాలాసేపు ఆ తెర వంకే చూశారు. తర్వాత దేవకుమారిని లేపి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"చిన్నప్పుడు వాడికో కొత్త చొక్కా కుట్టించానమ్మా. మంచిరోజు చూసి తొడుగుదామని పెట్లో దాచాను. తీసేసరికి పొట్టైపోయింది. ఎంత ఏడ్చాడో వెధవ. ఈ మంచిరోజుల పిచ్చి వాడికి అంటించింది నేనే."

దేవకుమారి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. కొంగుతో దేవకుమారి ముఖం తుడిచి, నెమ్మదిగా అడిగారు.

"ఏం రాశాడో నీకైనా చూపించాడా అమ్మా?"

"లేదండి. ముందు మీరే చూడాలనేవారండి."