కొమ్ముచెంబు ఎత్తిన రోజు

మా అమ్మాయి బోటనీ పుస్తకంలో ఒక పువ్వు బొమ్మ కింద ‘కూజాకారపు’ అని ఉంది. “అంటే ఏంటమ్మా?” అంది. “కొమ్ము లేని కొమ్ముచెంబులా” అన్నాను. “కొమ్ముచెంబేంటి?” అని మళ్లీ అడిగింది.

మన ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు. గుండ్రటి పొట్ట, సన్నని మెడ, పక్కన వంకర కొమ్ము. మా ఇంట్లో ఇత్తడిది ఉండేది. అందులో నీళ్లకి కొంచెం చింతపండు వాసన వచ్చేది. ఇంటిల్లిపాదీ దానితోనే ఎత్తిపోసుకుని తాగేవాళ్లు. కొమ్ముకి పెదవి తగిలితే ఎంగిలే, మళ్లీ తోమేదాకా ఎవరూ ముట్టరు.

ఒక శివరాత్రికి పట్టిసీమ ప్రయాణం పెట్టుకున్నారు. “ఎత్తిపోసుకోవడం రానివాళ్లు ఇంట్లోనే ఉండండి. పడవలో చెంబు తోముతూ కూర్చోలేను” అంది నానమ్మ. ఇంట్లో రానిది నాకొక్కదానికే.

ముందురోజు పెరట్లో అందరి ఎదుటా చెంబు నా చేతికిచ్చింది. తల వెనక్కి వాల్చి ఎత్తాను. మొదటి ధార ముక్కులోకి పోయింది. “ఓసి చేపపిల్లా, తాగుతున్నావా, ఈదుతున్నావా?” అని పిన్ని నవ్వింది. దగ్గు ఆపుకుని, చెంబు దించకుండా రెండు గుటకలు మింగాను. గౌను మొత్తం తడిసిపోయింది.

“మూతి తగిలిందా?” అని నానమ్మ పిన్నిని అడిగింది.

“లేదండి అత్తయ్యగారూ. ఒళ్లంతా తాగింది గానీ మూతి పెట్టలేదు.”

నానమ్మ నా చేతిలోంచి చెంబు తీసుకుని, మిగిలిన నీళ్లు ఎత్తిపోసుకుని గటగటా తాగేసింది.

“రేపటికి ఇంకో గౌను కూడా సర్దుకో” అంది.