బూడిదలో పడుకున్న శాఫ్టు

భద్రాచలంలో ధన్‌సింగ్ లేత్ షెడ్డు వెనక ఎప్పుడూ ఓ బూడిద కుప్ప ఉండేది. అందులో ఎవరైనా చెయ్యి పెడితే ఆయన ఇంతెత్తున లేచేవాడు. "పండుకున్నది, లేపకుండ్రి!" అనేవాడు. పడుకున్నది పిల్లా కాదు, పిల్లీ కాదు, ఉక్కు కడ్డీ! నవ్వని వాళ్లు లేరు. నవ్వితే నవ్వనీయండి, లాలిని లాంచీలో తెచ్చిన ఆ వానాకాలం సంగతి వాళ్లకేం తెలుసు?

లాలి ఆయన ఒక్కగానొక్క చెల్లెలు. తల్లి పోయాక వీపున మోసి పెంచాడు. చర్ల వైపు తండాలో ఆమెకు నెలలు నిండాయి. తొలికాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు రాకముందే దవాఖానాకు తీసుకొస్తానని మాటిచ్చాడు ధన్‌సింగ్. అంతలో వాగులు పొంగి బాట తెగింది. ఇక బొజ్జయ్య లాంచీయే దిక్కు. అదేమో నీళ్లల్లో పంకా తిప్పే శాఫ్టు కడ్డీ విరిగి రేవులో కూర్చుంది.

ధన్‌సింగ్ కొత్త కడ్డీ ఒకటి తీశాడు. అద్దంలా నున్నగా, దారం పట్టినట్టు తిన్నగా ఉంది. పంకా జారకుండా బిగించడానికి ఓ పక్క పొడవునా గాడి చెక్కాడు. మిషను మీంచి దించి బల్లమీద దొర్లించాడు. వంగిపోయింది! సుత్తితో సాపు చేశాడు. పైన కాస్త చెక్కేసరికి మళ్లీ వంగింది.

కొత్తగూడెంలో పని నేర్పిన ఉస్తాద్ మాట అప్పుడు గుర్తొచ్చింది. "పైకి సాపుగ కనపడ్తది బిడ్డా. దాన్ని గుంజి గుంజి కడ్డీ చేసిండ్రు గద, ఆ గుంజులాట లోపల్నే ఉంటది. ఒక పక్క చెక్కినవో, ఇంకో పక్క గుంజుకుంటది. కాల్చి బూడిదల పండవెడ్తే, మెల్లగ సల్లారుకుంట ఆ గుంజులాట ఇడుస్తది."

రెండో కడ్డీకి కాస్త లావు ఉంచి, గాడి చెక్కి, బొగ్గుల్లో మసక ఎరుపెక్కేదాకా కాల్చాడు. తర్వాత బూడిదలో పూడ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏంది గిది?" బొజ్జయ్య ఊగిపోయాడు. "గోదారి పెరుగుతాంది. ఆ మొదటిదే ఇయ్యి, ఎట్లనో నడిపిస్త!"

"వంకర శాఫ్టు నడి ఏట్ల విరిగితే?"

"ఇంకా పెరిగితే లాంచే కదలదు. అప్పుడేం జేస్తవ్?"

ధన్‌సింగ్ బూడిద దగ్గర్నుంచి కదల్లేదు. గుండె రాయి చేసుకుని కూర్చున్నాడు. రేకుల మీద వాన కురుస్తూనే ఉంది. బూడిద వెచ్చదనానికి కళ్లు మూతపడ్డాయి. లోపల కడ్డీ మెల్లగా ఒళ్లు విరుచుకుంటున్నట్టు, పట్టిన పిడికిలి ఒక్కో వేలూ విప్పుతున్నట్టు అనిపించింది. తన వీపు మీద చిన్నప్పటి లాలి బరువు తెలిసింది. నిద్రపోతే ఆ పిల్ల ఒక్కసారిగా బరువెక్కేది. ఎక్కడో గోదావరి మీద తనే నడుస్తున్నాడు, నీళ్లు పాదాలను తడపడం లేదు. ఆ కలలోంచి లేవబుద్ధి కాలేదు.

మర్నాటికి కడ్డీ పూర్తిగా చల్లారింది. పైపొర మెల్లమెల్లగా చెక్కి బల్లమీద దొర్లించాడు. ఎక్కడా వంపు లేదు. బొజ్జయ్య దాన్ని భుజానికెత్తుకుని రేవుకు నడిచాడు.

తండా నుంచి తిరుగు ప్రయాణంలో లాలి లాంచీ ముందు భాగంలో గోనెసంచుల మీద పడుకుంది. ధన్‌సింగ్ వెనక, శాఫ్టు మీది చెక్కపై అరచెయ్యి ఆన్చి కూర్చున్నాడు. ఒడ్డున అడవి మంచులో కరిగిపోతోంది. ఎర్రటి నీళ్లల్లో చెట్లు కొట్టుకొస్తున్నాయి. అరచేతి కింద మాత్రం ఒకటే తీరు మెత్తని తిరుగుడు. చెల్లెలి వైపు చూడటానికే ఆయనకు భయమేసింది.

రేవు చేరాక పిలిచాడు. "లాలీ!"

పలకలేదు. ఆయన ప్రాణాలు పైపైనే పోయాయి. పరుగున వెళ్లి చూస్తే నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉంది. నొప్పుల భయంతో వారం రోజులుగా కన్ను మూయని మనిషి! బొజ్జయ్య తట్టబోతే ధన్‌సింగ్ చెయ్యి పట్టుకున్నాడు.

"పండుకున్నది. లేపకు."

ఆమె తనంతట తాను లేచేదాకా లాంచీ రేవులోనే ఆగింది. రెండు రోజులకు దవాఖానాలో ఆడపిల్ల పుట్టి కెవ్వుమంది. వరండాలో ధన్‌సింగ్ అంతకన్నా గట్టిగా ఏడ్చాడు. పాపను నిద్రపుచ్చబోయిన నర్సమ్మను, "కొంచెం సేపు ఏడ్వనీయమ్మా, ఇననీ" అని బతిమాలుకున్నాడు.