హారతి వెంట నడిచిన కారు

కారు ప్రమాదాలన్నీ వేగం వల్లే జరుగుతాయని లోకం అనుకుంటుంది. నాది భక్తి వల్ల జరిగింది. అదీ మనిషి నడిచేంత నెమ్మదిగా, పేట వీధంతా అరుగులెక్కి తీరిగ్గా చూసేంత నెమ్మదిగా జరిగింది. వేగంగా జరిగి ఉంటే పరువు ఒక్క దెబ్బకు పోయి ఊరుకునేది. నా పరువు ఇంటింటికీ చెప్పి మరీ పోయింది.

యుద్ధం ముగిసి, కంటోన్మెంటులో దొరలు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకుంటున్న రోజులవి. అప్పటి బెంగుళూరు గురించి చెబితే ఇప్పటి పిల్లలు ముసలాయన కోతలు కోస్తున్నాడంటారు. పొద్దున తలుపు తీస్తే మంచు లోపలికొచ్చి చాపమీద కూర్చునేది. రోడ్డు మీద కారు కనిపిస్తే జట్కా గుర్రాలు కూడా తల తిప్పి చూసేవి. పెట్రోలు కూపన్లకు దొరికేది కనుక, కారున్నవాడు కూడా దాన్ని నడపడం కన్నా తుడవడమే ఎక్కువ. ఆ ఊరి మాటెత్తితే నాకు ఆపడం రాదు. సరే, కథలోకి వస్తాను.

మా మేనమామ వెంకటరమణప్ప పేటలో పట్టుచీరల వ్యాపారి. ఆయన కూతురు సరసు. మేనరికం లెక్కన సరసు నాకని మా అమ్మ ఉయ్యాల నాడే అనుకుంది. మామ మాత్రం అనుకోలేదు. నేను చదువు ముగించి, ఉద్యోగం ఇంకా మొదలుపెట్టని మనిషిని. మామ భాషలో ఆ స్థితికి వేరే పేరుండేది.

"ఏమప్పా నాగూ, ఏం పని వస్తాది నీకు?" అన్నాడు ఒకరోజు, అంగట్లో నలుగురి ఎదుట.

"కారు నడిపేది వస్తాది మామా," అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఈనాటికీ తెలియదు. నాకు వచ్చిందల్లా కె.ఆర్.పురం దారిలో నా స్నేహితుడి లారీలో నేర్చుకున్నదే. స్టీరింగు నేను పట్టుకునేవాణ్ణి, గేర్లు వాడు వేసేవాడు, దేవుడు ఇద్దర్నీ కాపాడేవాడు.

"అట్లనా! మంచిదాయె," అన్నాడు మామ, కళ్ళు మెరిపిస్తూ. "మన చీరలు కొనే కాఫీ తోటల దొర వాళ్ళ సీమకు పోతా ఉండాడు. రెండు బండ్లు అమ్ముతాడంట. మంచిది ఎంచి తీసుకొనిరా. బండి పూజ దినం మీ అత్త ముందర, పూజారి ముందర నడిపి చూపించు. సరిగ్గా నడిపితివా, పిల్ల మాట ఆ పొద్దే ముగిద్దాం. లేదంటే హోసూరు సంబంధమోళ్ళు రమ్మని చెప్పి పంపిస్తా ఉండారు."

చూశారా, ఒక్క నాలుక ఎంత పని చేసిందో! అటు సరసు, ఇటు హోసూరు, మధ్యలో రాని డ్రైవింగు.

దొర బంగళాకు నేనూ మామా వెళ్ళాం. మొదటిది ఎర్ర కారు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, నేలకు అంటుకున్నట్టు ఉంది. నిలబడి ఉన్నప్పుడు కూడా పరుగెడుతున్నట్టే కనిపించే బండి. దాన్ని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. రెండోది పొడుగాటి తెల్లది. అమెరికా పటాలం వాడెవడో వదిలిపోతే దొర కొన్నాడట. దానికీ పైకప్పు మడిచేదే, స్టీరింగు మాత్రం ఎడమ పక్క.

"రెండూ స్పోర్ట్స్ బండ్లే," అన్నాడు దొర, తనకొచ్చిన కన్నడంలో. "ఎర్రదానికి గేర్లు నువ్వు మార్చాలి. తెల్లది తానే మార్చుకుంటుంది. దానికి క్లచ్చు లేదు. ఎడమ కాలుకు పని లేదు. ఎడమ కాలును ఇంట్లో పెట్టి రా."

"తెలుసు, తెలుసు," అన్నాను. ఎర్ర కారు మీద పెట్టిన కళ్ళు తియ్యకుండానే అన్నాను.

ముందు ఎర్రదే ఎక్కాం. మామ నా పక్కన పంచె సర్దుకుని, తలపాగా ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. చదును మీద బాగానే పోయింది. మిట్ట వచ్చింది. గేరు తగ్గించాలి. క్లచ్చు తొక్కి, గేరు విడిపించి, మళ్ళీ తొక్కి, ఇంజనును కొంచెం అరిపించి, అప్పుడు కింది గేరు వెయ్యాలి. లారీలో ఇదంతా నా స్నేహితుడి వాటా. నేను వేసిన గేరుకు ఆ బండి, కొబ్బరిచిప్పతో రాతిగోడ గీకినట్టు అరిచింది.

"ఏందప్పా అది?" అన్నాడు మామ.

"గేరు మామా."

"గేరు వేసినావా, పెరికినావా?"

రెండోసారి ప్రయత్నించాను. బండి ఆగింది. ఆగి, ఆలోచించి, మెల్లగా వెనక్కి జారింది. వెనకొస్తున్న జట్కా గుర్రం మూతి మామ తలపాగాకు తగిలేదాకా జారింది. మామ తిరిగి చూసి, గుర్రాన్ని కాక నన్నే తిట్టాడు.

గేరు వెయ్యలేనివాడు బండి ఓడు అన్నాడట. నేనూ అదే చేశాను. "ఇది సరిలేదు మామా. పాత పద్ధతి. లోకమంతా తెల్లదాని వైపే పోతా ఉండాది," అన్నాను. తెల్ల బండి ఎక్కాం. మీట ఒకటి దించి కాలు వత్తితే చాలు, వెన్నలో చెంచా దిగినట్టు పోయింది. మామ ఆ మెత్తదనానికి అరమోడ్పు కళ్ళతో కునుకు తీశాడు. బేరం అక్కడే కుదిరిపోయింది.

ఇంటికొచ్చి సరసుతో గొప్పగా చెప్పాను. ఆమె పూలు కడుతోంది. తల ఎత్తలేదు.

"ఎర్రదేమాయె బావా? దాని మీద ఆశ పడితివంట కదా?"

"గేర్లున్న బండి మోటు వ్యవహారం సరసూ. ఇది చూడు, అంతా దానంతట అదే!"

"గేర్లున్నదైతే నడిపేవానికి వచ్చో రాదో తెల్సిపోతాది," అంది సరసు, దారం పళ్ళతో తెంచి. "తానే మార్చుకొనే దాంట్లో, రానోడు సుమ్నే, ఊరికే కూర్చొని వచ్చినోడి మాదిరి కనపడొచ్చు. నాకైతే ఎర్రదే మేలు."

ఆ మాటకు నవ్వేశాను. లోపల మాత్రం ఎవరో గేరు తప్పుగా వేసినట్టయింది.

పూజ రోజు వచ్చింది. మామ ఇంటి ముందు తెల్ల కారు. పసుపు, కుంకుమ, చామంతి దండలు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఎదురుగా శేషయ్య పూజారి, బక్కపల్చటి మనిషి, నిష్ఠలో మాత్రం కొండ. మా అత్త లక్ష్మమ్మ కర్పూరం డబ్బీతో ఆయన పక్కనే నిలబడింది. సరసు గుమ్మం మెట్టు మీద ఉంది. వీధంతా అరుగుల మీద ఉంది.

మామకొక పట్టుదల. "ఇంజను తిరుగుతా ఉండల్ల. ప్రాణముండే బండికే హారతి ఇయ్యల్ల. హారతి ముగిస్తానే నిమ్మకాయలు తొక్కించుకొని బండి ముందుకు పోవల్ల."

సరే, ఇంజను వేశాను. అందరి ముందూ తడుముకోకుండా ఉండాలని మీట కూడా ముందే దించి పెట్టాను. ఇంట్లో పెట్టి రమ్మన్న ఎడమ కాలును వెంట తెచ్చుకున్నాను కదా, లారీ అలవాటు కొద్దీ అది ఒక పెడలు మీద బలంగా నొక్కి కూర్చుంది. నా దృష్టిలో అది క్లచ్చు. నిజానికది బ్రేకు. బండి కదలకుండా ఉన్నది ఆ ఒక్క పొరపాటు పుణ్యమే.

ఘంట మోగింది. కర్పూరం వెలిగింది. శేషయ్యగారు కారు మొహానికి హారతి చూపిస్తున్నారు. చేతులు జోడించబోయి, ఒక్కసారి నాలుక కరుచుకున్నాను. కాళ్ళకు చెప్పులున్నాయి! హారతి ముందు చెప్పులా! అమ్మ పెంపకం ఊరుకుంటుందా? గబగబా కాళ్ళు రెండూ పైకెత్తి చెప్పులు విడిచి, సీటు మీద మఠం వేసుక్కూర్చుని, కళ్ళు మూసుకుని దండం పెట్టాను.

నిమ్మకాయలు చితికిన చప్పుడు వినిపించింది.

కళ్ళు తెరిచేసరికి వీధి కదులుతోంది. కాదు, నేనే కదులుతున్నాను. ఆ బండి గేరులో ఉండి, బ్రేకు మీద కాలు లేకపోతే, దానంతట అదే మెల్లగా నడుస్తుందని దొర చెప్పే ఉంటాడు. వింటేగా! కంగారుగా కాలు కిందికి దించాను. నా ఎడమ చెప్పు పెడలు కిందికి దూరి కూర్చుంది. తొక్కుతాను, దిగదు. బ్రేకు ఇదే అయితే క్లచ్చేదని ఎడమపక్కన వెతికాను. లేని క్లచ్చును అంత శ్రద్ధగా వెతికినవాడు ఈ భూమ్మీద ఇంకొకడుండడు. హ్యాండు బ్రేకు లేదా అని అడుగుతారు మీరు. ఉంది. ఎక్కడుందో ఆ క్షణాన నాకూ, దానికీ ఇద్దరికీ తెలియదు.

పక్కకు తిప్పుదామంటే రెండు పక్కలా అరుగుల నిండా జనం. ఎదురుగా శేషయ్యగారు.

ఆయన పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. వెనక్కి తిరిగి పరుగెత్తవచ్చు. పరుగెత్తలేదు. వెలుగుతున్న హారతి చేతిలో ఉండగా, పూజ అందుకుంటున్నదానికి వీపు చూపించే మనిషి కాదు ఆయన. హారతి తిప్పుతూనే, ఘంట కొడుతూనే, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తున్నారు. బండి ఒక్కొక్క అడుగే ముందుకు వేస్తోంది.

"నిలుపప్పా! నిలుపు!" అన్నారు, మంత్రం మధ్యలో, మంత్రం రాగంలోనే.

"నిల్చల్లేదు స్వామీ! మీరు పక్కకు పోండి!"

"హారతి ఆరకుండా ఎట్ల పోయేది?"

కర్పూరం ఆరిపోతే ఆయన బతికిపోతారు. ఆ చివరి ముక్క రెపరెపలాడింది కూడా. ఇంతలో మా అత్త, హారతి మధ్యలో ఆరితే అరిష్టమని, పక్కనే పరుగెడుతూ పళ్ళెంలో ఇంకో గుప్పెడు కర్పూరం వేసింది! శేషయ్యగారు ఆమెను చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను.

జనం ఇదంతా ఏర్పాటే అనుకున్నారు. ఎవరో జేగంట తెచ్చి వాయించారు. ఒక అవ్వ బండి మీద పూలు చల్లి కళ్ళకద్దుకుంది. భయంతో హారను నొక్కితే, అది శంఖం లెక్కలో కలిసిపోయింది. మామ బండి పక్కన ఛాతీ విరిచి నడుస్తూ, "బలే నాగూ! పల్లకి మాదిరి పోతా ఉండాది! దేవుని మెరవణి, ఊరేగింపంటే ఇది!" అన్నాడు.

"మామా, బ్రేకు పడల్లేదు మామా!"

మామ ఛాతీ లోపలికి పోయింది. వీధి చివర పూలమ్మేవాళ్ళ గంపలు, ఆ వెనక దిగుడు. దిగుడులో పడితే ఇది నడక కాదు, పరుగే. శేషయ్యగారికి ముందు బండి, వెనక గంపలు. ఆయన మడమ గంపకు తగిలింది. హోసూరు నాకు స్పష్టంగా కనిపించింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ సరసు వచ్చింది. పట్టు పరికిణీ ఒక చేత్తో ఎత్తిపట్టి, బండి వెంట పరుగెత్తి, తలుపు మీదుగా, నా ఒడి మీదుగా అడ్డంగా వంగి, తాళం తిప్పేసింది. ఇంజను ఆగింది. అదే ఊపులో కింద చెయ్యి పెట్టి చెప్పు లాగి పారేసింది. "ఇప్పుడు తొక్కు!" అంది. తొక్కాను. బండి శేషయ్యగారి మోకాళ్ళ ముందు ఆగింది. ఆయన మల్లెపూల గంపలో మెల్లగా కూర్చుని, హారతి పళ్ళెం నాకే చాపి, "కండ్లకద్దుకో," అన్నారు. అద్దుకున్నాను.

ముందు నోరు తెరిచింది అత్త.

"అయ్యయ్యో, నడివీధిలో, అందురూ చూస్తా ఉండంగా, మగోని ఒళ్ళోకి వంగె కదప్పా! ఇంక దీన్ని హోసూరోళ్ళు ఎట్ల చేసుకుంటారు?"

మామ నన్ను చూశాడు. బండిని చూశాడు. ఆరిపోయిన మొహంతో కూతుర్ని చూశాడు. "నువ్వేమంటావమ్మా?" అన్నాడు.

సరసు తాళంచెవి ఓణీ కొంగున ముడి వేసుకుంటూ చెప్పింది. "బావనే చేసుకుంటా నాయనా. మనిషి మంచోడే. బండి మాత్రం మార్చి ఎర్రది తీసుకో. అది నేను నడుపుతా."

అలాగే జరిగింది. దొర నవ్వి నవ్వి బండి మార్చి ఇచ్చాడు. పెళ్ళయ్యాక సరసు ఆ ఎర్ర కారు గేర్లు పూలు కట్టినంత సులువుగా నేర్చింది. కె.ఆర్.పురం దారిలో చెట్ల నీడన ఆమె నడుపుతూ ఉంటే, పక్క సీట్లో కూర్చుని ఎన్ని సాయంత్రాలు గడిపానో. నా జీవితంలో అంతకన్నా మంచి రోజులు లేవు. మామ పోయాడు, బండి పోయింది, ఆ చెట్లూ పోయాయి. సరసు ఉంది. ఇప్పుడు కూడా నా భుజం మీదుగా ఇది చదువుతూ, "నేను మెట్టు మీద కాదు, అరుగు మీద ఉంటి," అంటోంది.

కాబట్టి పాఠకులారా, పసుపు కుంకుమల సాక్షిగా, చితికిన నాలుగు నిమ్మకాయల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇంజను తిరుగుతున్నంతసేపు ఏ దేవుడు ఎదురొచ్చినా నేను చేతులెత్తి దండం పెట్టను. దేవుడైతే అర్థం చేసుకుంటాడు. వెనక్కి నడవాల్సింది పాపం పూజారి కదా!