బావ పెట్టుకున్న గడువు

మా బావ తాను ఎప్పుడు పోతాడో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. అరవై దాటిన మగవాడు వాళ్ళ వంశంలో లేడట. వాళ్ళ నాన్న యాభై ఎనిమిదో ఏట, అన్నయ్య యాభై తొమ్మిదో ఏట గుండె పట్టుకుని కూలబడి పోయారు. "నాకూ అరవై, మహా అయితే అరవై రెండు" అని పెళ్ళి భోజనాల దగ్గర కూడా నవ్వుతూ చెప్పేవాడు. పక్కన కూర్చున్నవాడికి ముద్ద దిగేది కాదు.

బావ లిఫ్ట్ మెకానిక్కు. మేడ మీది మోటారు గదిలోనో, కింద లిఫ్ట్ గోతిలోనో గ్రీజు పూసుకుని ఉండేవాడు. లిఫ్ట్‌ని మోసే ఉక్కు తాళ్ళకి ఇన్నేళ్ళని ఒక వయసు ఉంటుంది. ఆ వయసు రాగానే బావ తాడు మార్చేసేవాడు. ఇంకా గట్టిగానే ఉంది కదయ్యా అని మేడవాళ్ళు గొణిగితే, "గట్టిగా ఉన్నప్పుడే మార్చాలి, తెగాక మార్చేదేముంది" అనేవాడు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అదే లెక్క తన ప్రాణానికీ కట్టేసుకున్నాడు.

నేను బావమరిదిని, ఒక ఆఫీసులో లెక్కల గుమాస్తాని. చుట్టాలందరూ నన్ను ఇనప్పెట్టె అంటారు, ఆ పేరు పెట్టిందీ బావే. ముప్పయ్యో ఏటి నుంచీ జీతంలో ముందు దాచుకునేది దాచి, మిగిలిందే ఖర్చు పెట్టినవాణ్ణి. బావ చేతికి ఎముక లేదు. ఎవరి పిల్లకి ఫీజు కావాలన్నా, ఎవరి ఇంటికి పైకప్పు కారినా జేబులో ఉన్నది ఇచ్చేసి వచ్చేవాడు. తనకంటూ ఒకే ఒక్క బీమా పాలసీ కట్టాడు. అరవై అయిదు నిండేలోగా ఆయన పోతే మా అక్కకి పెద్ద మొత్తం వస్తుంది. పోకపోతే కట్టిందంతా గాలికే.

"ఒకవేళ బతికితే ఏంటి బావా?" అని అడిగాను.

"ఒరేయ్ ఇనప్పెట్టె, నీకు చావు లేదు కాబట్టి నువ్వు దాచుకో. నేను పోయాక మీ అక్క రాణీలా బతుకుతుంది చూడు."

అక్క అప్పటికే ముందు గదిలో బల్ల వేసి ఇస్త్రీ పని చేస్తోంది. పొద్దున్నుంచీ నిలబడే ఉండాలి. తనకి అరవై వచ్చాక మాత్రం కూర్చుంటానని అనేది. ఎక్కడికో తిరగాలని కాదు, ఊరికే కూర్చోవాలని.

అరవై నిండిన నెలలో కంపెనీ బావకి శాలువా కప్పి పంపించేసింది. అదే రోజు రిటైరైన ఒక పొడుగాయన, బావతో పాటు తాళ్ళు లాగినవాడే, ఎంతో కొంత దాచుకున్నాడు కనక సగం పూటలు పనికి వెళ్తూ సర్దుకుంటున్నాడు. కొన్నాళ్ళకి నేనూ రిటైరై కాలు మీద కాలేసుకున్నాను. బావకి ఆ శాలువా తప్ప ఏమీ లేదు. కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తపోటు ఉందని మాత్రలు రాసి, "రోజూ వేసుకోండి, ఎనభై దాకా ఢోకా లేదు" అన్నాడాయన హుషారుగా. బావ మొహం మాడిపోయింది. నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

అరవై రెండు దాటాక బావ జోకులు మానేశాడు. అరవై నాలుగులో ఒకరోజు నేను పనిమీద వెళ్ళిన ఏడంతస్తుల మేడలో మెట్లెక్కుతూ కనిపించాడు, ఒళ్ళంతా చెమట. లిఫ్టు పాడైందా అన్నాను. లేదు, బాగానే ఉందన్నాడు. ఆ వారమే అక్కకి పూలకుండీ మట్టిలో మాత్రలు దొరికాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు వాయించి రావాలనే వెళ్ళాను. వెళ్ళేసరికి అక్క ఆయన ఎదురుగా నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంకో ఎనిమిది నెలలే" అంటున్నాడు బావ, తల ఎత్తకుండా. "ఆ లోపు పోతే నీ మోకాళ్ళు బాగుచేయించుకోవచ్చు. హాయిగా కూర్చుని తినొచ్చు."

"కూర్చుని ఎవరి మొహం చూస్తూ తినమంటారు? నోరు తెరవండి" అంది అక్క.

ఆయన తెరిచాడు. మింగాక మళ్ళీ తెరిపించి నాలుక కింద కూడా చూసింది. అప్పటి నుంచీ రోజూ అంతే. మాత్ర వేసిన ప్రతి పొద్దునా ఆ డబ్బు తన చేతుల్లోంచి జారిపోతోందని అక్కకి తెలుసు. నాకంటే బాగా తెలుసు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

అరవై అయిదు నిండిన మర్నాడు వెళ్ళాను. పాలసీ ముగిసిపోయింది. నెలనెలా నేను కొంత ఇస్తానని అక్కని పక్కకి పిలిచి చెప్పాను.

"వద్దురా తమ్ముడూ. అది తీసుకుంటే ఈయన బతికుండీ చచ్చినట్టే" అని, మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఒక కాలి మీద బరువు వేసి, కాసేపటికి రెండో కాలి మీదికి మార్చుకుంటూ చొక్కాలు రుద్దుతోంది. బావ సాయం చేద్దామన్నా ఆ బరువు ఇస్త్రీపెట్టె పట్టుకోలేడు. కుడి చేతి వేళ్ళు రెండు ఎప్పుడో లిఫ్ట్ పుల్లీలో పడి తెగిపోయాయి.

బావ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మొన్న పరీక్ష చేసి గుండె బ్రహ్మాండంగా ఉందన్నారట.

"నువ్వు లెక్కలవాడివి కదరా" అన్నాడు. "నాకింకా ఎన్నాళ్ళుందంటావు?"

ధైర్యం చెబుదామనుకున్నాను. "నీకేం బావా, గుండ్రాయిలా ఉన్నావు. ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు."

బావ లోపలికి, అక్క కాళ్ళ వైపు చూశాడు.

"ఇరవై ఏళ్ళా" అన్నాడు మెల్లిగా. "అన్నేళ్ళు మీ అక్క నిలబడగలదంట్రా?"